ఇంగ్లీషు కామెర్లు

మా మామగారు మునినారాయణప్పగారికి రక్తదానమంటే ప్రాణం. ఇతరుల రక్తం. తనకి బీపీ ఉందని చెప్పి ఆయన మాత్రం ఏనాడూ ఆ మంచమెక్కిన పాపాన పోలేదు. ప్రతి ఏడూ తన పుట్టినరోజున బెంగుళూరు బళేపేటలో మా పాత్రల అంగడి ముందు షామియానా వేయించేవారు. బంధువులనీ, అంగడిలో పనివాళ్ళనీ, దారిన పోయే దానయ్యలనీ పట్టుకొచ్చి పడుకోబెట్టేవారు. లేచినవాళ్ళ చేతిలో ఒక స్టీలు లోటా, ఒక అరటిపండు పెట్టి ఫోటో తీయించుకునేవారు. 1999లో ఆ వరసలో అందరికన్నా ముందు పడుకున్నది ఆయన ఒక్కగానొక్క కొడుకు, నా మొగుడు అశోక్‌కుమార్.

రక్తం తీసుకుపోయినవాళ్ళు కొన్నాళ్ళకి కబురు పెట్టారు. తండ్రీ కొడుకులు బయలుదేరారు. నన్ను రమ్మని ఎవరూ అనలేదు. మొగుడి రక్తంలో ఏముందో నాకూ తెలియాలి కదా అని నేనే ఆటోలో ఎక్కి కూర్చున్నాను. అక్కడి డాక్టరమ్మ తలుపు మూసి మెల్లగా చెప్పింది. రెండున్నాయట. ఒకటి హెచ్.ఐ.వి. రెండోది హెపటైటిస్ బి, అంటే కామెర్ల క్రిమి. రెండూ ఒకే ఒంట్లో చేరితే దొంగకి దొంగ తోడైనట్టే, లివర్ తొందరగా పాడవుతుంది, ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉండాలి అంది.

మామగారు అంతా విని, "అమ్మా, ఆ రెండోదాని పేరు ఇంకొకసారి చెప్పండి" అన్నారు. మొదటిదాని పేరు ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆయన నోటి వెంట రాలేదు.

అతనికి ఎలా వచ్చింది అని మీరు అడుగుతారు. నాకు తెలుసు. కొంప కాలుతుంటే బీడీకి నిప్పడిగేవాళ్ళు అందరికీ ఉంటారు. నేనూ అడిగాను, అతనూ చెప్పాడు. కొన్నాళ్ళు మాట్లాడలేదు, తర్వాత మాట్లాడాను. అది మా ఇద్దరి సంగతి. నాకూ పరీక్ష చేశారు. మొదటిది నాకూ ఉంది. రెండోది నా ఒంట్లోకి వచ్చి, చుట్టూ చూసి, నచ్చక వెళ్ళిపోయినట్టుందని డాక్టరమ్మ చెప్పింది. యలహంక పిల్లని కదా, నా లివర్ దగ్గర ఎవరి ఆటలూ సాగవు.

ఆ సాయంత్రం ఇంటినిండా చుట్టాలే. అబ్బాయిని రక్తంవాళ్ళు పిలిపించారంటే ఊరుకుంటారా. మామగారు కుర్చీలో కూర్చుని, గొంతు సవరించుకుని, కులసంఘం మీటింగులో మాట్లాడినట్టే మాట్లాడారు.

"మావానికి కామెర్లు ఉండాయంట. ఉత్త కామెర్లు కాదు. హెపటైటిస్ బి. ఇంగ్లీషు కామెర్లు."

"ఇంగ్లీషువా!" అంది పాపక్క. ఆమె మామగారి అక్క. పేటలో ఎవరింట్లో పాలు విరిగినా ముందు ఆమెకే తెలుస్తుంది. "మన వంశంలో ఇంగ్లీషు జబ్బు ఎవురికీ రాలేదప్పా. వీనికే మొదులు."

అశోక్ చదివింది పీయూసీ దాకా. ఆ మాటకి కొంచెం సిగ్గుపడ్డాడు కూడా.

మా అత్త కదిరమ్మకి ఎవరూ ఏమీ చెప్పలేదు. వంటింట్లో నేనే చెప్పాను, రెండు పేర్లూ. ఆమె చారు దించి, చేతులు తుడుచుకుని, "నొప్పి ఉంటాదా వానికి?" అని ఒక్కటే అడిగింది. ఆమె తీరే అంత. పెళ్ళయిన నాటి నుంచి మొగుడి మాటకి ఎదురు చెప్పి ఎరగదు. ఆయన పగలే రాత్రి అంటే లేచి దీపం పెట్టేది. నాకు ఆమెమీద ఒళ్ళుమండేది.

ఆ తర్వాత అయిదేళ్ళు ఇంగ్లీషు కామెర్లు మా వంశ గౌరవాన్ని భుజాన మోశాయి. అశోక్ చిక్కిపోతే కామెర్లు. జ్వరం తగ్గకపోతే కామెర్లు. మాకు పిల్లలెందుకు లేరంటే అదీ కామెర్లే. నోటినిండా తెల్లటి పూత వచ్చి అన్నం మింగలేకపోతే, "లివరు నోటిదాకా వచ్చుండాది" అని మామగారు చెబితే జనం అవునప్పా అని తలలాడించారు. మర్యాదస్థుడు చెబితే లివర్ కూడా పైకెక్కుతుంది.

2004లో పరిస్థితి చెయ్యి దాటిపోయింది. మంచం మీద అశోక్ ఎక్కడున్నాడో దుప్పటి ఎత్తి వెతకాల్సి వచ్చింది. అప్పుడే గవర్నమెంటు ఆస్పత్రిలో ఆ మొదటిదానికి మాత్రలు ఉచితంగా ఇస్తున్నారని తెలిసి నేనే తీసుకుపోయాను. మామగారు ఒక్క షరతు పెట్టారు: అశోక్ మంకీ క్యాపు పెట్టుకోవాలి, మేము ఆస్పత్రికి రెండు స్టాపుల ముందే బస్సు దిగాలి. మే నెలలో మంకీ క్యాపు పెట్టుకుని నడిచే మనిషిని బెంగుళూరంతా నిలబడి చూసింది.

అక్కడి డాక్టరు కన్నడంలో విడమరిచి చెప్పాడు. "ఈ ఒక్క మాత్రలో మూడు మందులున్నాయి. ఆ మూడింట్లో ఒకటి మీకు రెండు పనులు చేస్తుంది. హెచ్.ఐ.వి.నీ పట్టుకుంటుంది, కామెర్ల క్రిమినీ పట్టుకుంటుంది. ఒకే ఎద్దు రెండు బళ్ళు లాగుతోందనుకోండి. బాగైపోయిందని మీరు ఎద్దుని విప్పేశారో, రెండు బళ్ళూ బోల్తా పడతాయి. కామెర్ల బండి ముందు పడుతుంది. పొద్దునొకటి, సాయంత్రమొకటి. ఎవరు చెప్పినా ఆపకూడదు. దేవుడు కలలోకొచ్చి చెప్పినా నన్నడగకుండా ఆపకూడదు."

దేవుడు రాడని నాకు తెలుసు. మామగారి సంగతే భయం.

కానీ మామగారికి ఈ మాత్రలు తెగ నచ్చాయి. ఎవరైనా అడిగితే 'లివరు మాత్రలు' అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పుకోవచ్చు. ఆయన చెప్పిన అబద్ధాలన్నిటిలో మూడో వంతు నిజం ఉన్నది అదొక్కటే. అశోక్ మెల్లగా లేచాడు, అన్నం తిన్నాడు, అంగడిలో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు. అరికాళ్ళు మంటలని, బుగ్గలు లోపలికి పోయాయని విసుక్కునేవాడు గానీ బతికి విసుక్కుంటున్నాడు, నాకది చాలు. మరుసటి ఏడు నాకూ అవే మాత్రలు మొదలుపెట్టారు. నావి వంటింట్లో పోపులడబ్బా వెనకాల ఉండేవి. నా లివర్ గురించి ఎవరికీ పట్టలేదు, అదొక సుఖం.

రెండేళ్ళు అలా గడిచాయి. అంత బాగా గడిచిన రెండేళ్ళు నా కాపురంలో మరి లేవు.

2006లో ఎవరో పుణ్యాత్ములు, ఏదో క్లబ్బువాళ్ళు, మా వీధి మొదట్లోనే కామెర్ల టీకాల క్యాంపు పెట్టారు. కరెంటు స్తంభం నుంచి స్తంభానికి బ్యానరు. ఎర్రటి అక్షరాలు: హెపటైటిస్ బి, ఎయిడ్స్ కన్నా నూరు రెట్లు అపాయం! కింద పుర్రె బొమ్మ. మా అంగడికి ఎదురుగానే, పుర్రె చూపు సరిగ్గా మా గల్లాపెట్టె మీద.

ఏడేళ్ళు కష్టపడి, ఏరి కోరి, మామగారు ఎంచుకున్న మర్యాదగల జబ్బు అది. ఎయిడ్స్‌ని దాచి దానికన్నా నూరు రెట్లది పట్టుకొచ్చి పేటంతా చాటింపు వేసుకున్నట్టయింది. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో అప్పటిదాకా సామెతగానే విన్నాను.

ఒక్క వారంలో మా ఇల్లు ఖాళీ. పాపక్క వచ్చినా గడప దగ్గరే నిలబడి, "దాహం లేదమ్మా, ఇప్పుడే తాగొచ్చినా" అనేది, ఎవరూ అడగకుండానే. ఊరందరికీ లోటాలు అమ్మే ఇంట్లో ఒక లోటా నీళ్ళు తాగేవాడు కరువయ్యాడు. అంగడిలో అశోక్ చేత్తో చిల్లర ఇస్తే, "అక్కడ పెట్టప్పా, తీసుకుంటా" అనేవారు. సంఘం సెక్రటరీ ఆవులప్ప రోజూ అశోక్ పక్కన స్టూలు మీద కూర్చుని పేపరు చదివేవాడు. ఇప్పుడు స్టూలు తీసుకుపోయి ఎండలో వేసుకున్నాడు.

మామగారికి మరో దిగులు. ఆ ఏడు సంఘానికి అధ్యక్షుడిని ఎన్నుకోవాలి. ఆయన ఇరవై ఏళ్ళుగా ఉపాధ్యక్షుడు. అంత కాలం ఉపగా ఉంటే మనిషి నిద్రలో కూడా ఒక మెట్టు కిందనే పడుకుంటాడు.

ఆవులప్పే వచ్చి చెప్పాడు. "అన్నా, జనం మాట్లాడుకుంటా ఉండారు. అట్లాంటి జబ్బుండే ఇంట్లోనుంచి అధ్యక్షుడా అని."

"ఎవురు చెప్పింది అది ఆ జబ్బని?" అని మామగారు లేచారు. "డాక్టర్లు ఊరికే పెద్ద పేరు పెడతారు బిల్లు కోసరం. మావానిది ఉత్త కామెర్లు. నాటు కామెర్లు."

"నాటువైతే ఇంకేమి, అన్నా? అత్తిబెలె దగ్గర సొన్నప్ప ఉండాడు కదా. పసరు పోయించు. పదిమందీ చూస్తారు, నోళ్ళు మూతపడతాయి. నాటు కామెర్లు ఉండీ పసరు తాగనోడు లోకంలో ఉండాడా?"

అక్కడ బిగుసుకుంది ఉరి. పసరు వద్దంటే అది నాటు కామెర్లు కాదన్నమాట. తాగితే మర్యాద నిలిచినట్టు. మామగారికి ఆలోచించడానికి కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

ఆదివారం పొద్దున్నే రెండు వ్యాన్లు. పెళ్ళిచూపులకి కూడా అంత మంది పోయి ఉండరు. సంఘంవాళ్ళంతా సాక్షులు. పరగడుపున తాగాలని అశోక్‌కి చుక్క నీళ్ళు కూడా ఇవ్వలేదు, సాక్షులకి మాత్రం బొమ్మనహళ్ళిలో వ్యాన్లాపి ఇడ్లీ, వడ. అత్తిబెలె చెక్‌పోస్టుకి ఇవతలే మట్టిరోడ్డులోకి తిరిగితే సొన్నప్ప ఇల్లు. వాకిట్లో రోలు, నేలఉసిరి ఆకుల కట్టలు, వరసగా కూర్చున్న పచ్చ కళ్ళ జనం. అక్కడ తెల్ల కళ్ళతో ఉన్నది మావాడొక్కడే. ఎద్దు ఇంకా బండి లాగుతోంది కదా.

సొన్నప్ప అశోక్ కనురెప్ప కిందికి లాగి చూసి, పెదవి విరిచాడు. "కామెర్లు కనపడలేదే."

"లోపల ఉండాయి" అన్నారు మామగారు.

"సరే. మండలం పొద్దులు పథ్యం. ఉప్పు లేదు, నూనె లేదు, కారం లేదు. మజ్జిగన్నం. ఇంగ్లీషు మాత్రలు ఏమన్నా మింగుతా ఉండాడా? మింగుతా ఉంటే నేను పసరు పొయ్యను. రెండు మందులు కడుపులో కొట్లాడుకుంటే నా పేరు పోతాది."

"ఏమీ లేవు" అన్నారు మామగారు.

"ఉండాయి" అన్నాను నేను.

సంఘమంతా నావైపు తిరిగింది. మామగారు నవ్వారు. ఆయన కోపం వస్తే నవ్వుతారు. "ఆడోళ్ళు. జలుబు మాత్ర కూడా మాత్రే వీళ్ళకి."

"నీ నోటితో చెప్పప్పా" అన్నాడు సొన్నప్ప అశోక్‌తో.

అశోక్ నన్ను చూశాడు, తండ్రిని చూశాడు, వెనకాల ఇడ్లీలు తిని నిలబడ్డ పెద్దమనుషుల్ని చూశాడు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, మీసాలున్నవాడు, "ఏమీ లేవు సామీ" అన్నాడు. గ్లాసెత్తి గడగడా తాగాడు. ఆవులప్ప చప్పట్లు కొట్టాడు.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. నోరున్నందుకు వాడుకున్నాను. "మామా, ఆ మాత్రలు నిలిపితే మీ కొడుకు సచ్చిపోతాడు. డాక్టరు నాతోనే చెప్పినాడు" అన్నాను.

"మాట ఇచ్చినాం కదమ్మా. పథ్యం తప్పితే పసరు విషమైతాది. ఒక మండలమే కదా. మళ్ళా మింగుకోనీలే."

"వైరస్‌కి మండలం లెక్క తెలుసా మామా?"

"నీ నోరు తగ్గించుకో. ఎలక్షన్ అయిపోనీ."

మాత్రల డబ్బా ఆయన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. నా దగ్గర నావి ఉన్నాయి, అవే ఇస్తాను మింగమని అశోక్‌ని బతిమాలాను, తిట్టాను. పొడి చేసి మజ్జిగన్నంలో కలిపాను. ఉప్పూ కారం లేని అన్నంలో ఏది దాగుతుంది? మొదటి ముద్దకే ఆపేసి నావైపు చూశాడు.

"సుమా, ఈ పొద్దు ఆవులప్పన్న నా పక్కన కూర్చున్యాడు. నా చేతిలోనుంచి పేపరు తీసుకున్యాడు. పాపక్క మనింట్లో కాఫీ తాగింది, చూసినావా? కొన్ని దినాలు ఇట్లా ఉండనీవే."

నాకు ఏడుపొచ్చింది. ఆ మనిషికి కావలసింది పక్కన ఒక స్టూలు. అంతే. దానికోసం లివర్ ఇచ్చేస్తున్నాడు. నేను ఒక్కదాన్నే ఆస్పత్రికి పోయి డాక్టరుకి చెబితే, "ఎత్తుకుని అయినా తీసుకురా తల్లీ" అని తల పట్టుకున్నాడు. ఎత్తడానికి ప్రయత్నించాను కూడా. రాలేదు.

అసలు దెబ్బ ఏమిటంటే, మొదట్లో అతనికి బాగుంది. అరికాళ్ళ మంటలు తగ్గాయి, వికారం పోయింది, మొహం తేటగా కనిపించింది. మామగారు పేటలో ప్రతి అంగడి మెట్లూ ఎక్కి దిగారు. "చూసినారా? ఏళ్ళపొద్దు ఇంగ్లీషోడు తగ్గించలేనిది ఆకు తగ్గించింది." అశోక్‌ని వెంటబెట్టుకుని తిప్పారు, కొత్త మోడల్ కుక్కర్ని చూపించినట్టు. పథ్యం ముగిసేలోగానే ఎన్నికలు అయ్యాయి, మామగారు అధ్యక్షుడయ్యారు. వార్షికోత్సవంలో సొన్నప్పకి సన్మానం చేయాలని ఆయన మొదటి తీర్మానం.

పథ్యం ముగిసినా బీరువా తాళం తెరుచుకోలేదు. సన్మానం కానీ అన్నారు. ఆ తర్వాత మొదలైంది. అశోక్ మెట్లెక్కితే ఆయాసం. అన్నం చూస్తే వాంతి. మూత్రం డికాషను రంగు. తర్వాత కళ్ళు. ఏడేళ్ళపాటు పేరు మాత్రమే ఉన్న కామెర్లు ఆ పొద్దు నిజంగా వచ్చాయి, పసుపు ముద్ద పూసినట్టు.

"మామా, కళ్ళు చూడండి!" అని అరిచాను.

మామగారు చూశారు. చూసి, "పసరు పనిచేస్తా ఉండాది. లోపలుండే పసుపునంతా బయటికి నూకుతా ఉండాది" అన్నారు.

నేను ఆటో పిలిచాను. ఆయన పంపేశారు. ఫంక్షను మర్నాడే, ఆహ్వానాలు పంచేశారు, వచ్చే ముఖ్య అతిథికి 'బాగైన మనిషి'ని చూపిస్తానని మాటిచ్చారు. మర్నాడు నేరుగా స్టేజీ మీదనుంచి ఆస్పత్రికే తీసుకుపోతానని ఆయన ప్రమాణం చేశారు. అశోక్, "ఒక్క దినం కదా" అన్నాడు. మర్నాడు పొద్దున మామగారు చిక్కపేట నుంచి ఒక నల్ల కూలింగ్ గ్లాసు తెచ్చి, స్వయంగా కొడుకు కళ్ళకి పెట్టారు. "బాగుండాడు, హీరో మాదిరి" అన్నారు.

హాలు నిండిపోయింది. సొన్నప్పకి శాలువా కప్పారు, గంధపు హారం వేశారు, తలమీద మైసూరు తలపాగా పెట్టారు. నల్లకళ్ళద్దాలతో అశోక్‌ని ఇద్దరు పట్టుకుని స్టేజీ ఎక్కించారు. ఆవులప్ప మైకులో, "నూరు రెట్లు అపాయం అన్న జబ్బుని ఆకు పసరుతో..." అని అందుకున్నాడు. రోజూ జనం కళ్ళు చూసి బతికే సొన్నప్ప చెయ్యి ఊరుకుంటుందా. అలవాటుగా అద్దాలు కొంచెం పైకెత్తి, రెప్ప కిందికి లాగాడు.

ముందు వరసలో ఉన్న నాకు అతని మొహం కనిపించింది. అద్దాలు మళ్ళీ మెల్లగా దించేశాడు. మామగారి చెవిలో ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో తర్వాత తెలిసింది: "ఇది నా చేతిలో లేదప్పా. యాడికైనా పెద్దాస్పత్రికి ఎత్తుకుపో, బిరీన." చెప్పి, శాలువా సర్దుకుని, పళ్ళబుట్ట తీసుకుని, ఫోటోకి నిలబడ్డాడు. దొరికిన సన్మానం ఎవరు వదులుకుంటారు?

ఫోటోలో అందరూ నవ్వుతున్నారు. అశోక్ స్టేజీ దిగుతూ మెట్ల మీద కూలబడ్డాడు.

ఆస్పత్రిలో డాక్టరు నన్ను చూడగానే అర్థం చేసుకున్నాడు. అయినా అడగాల్సింది అడిగాడు. "మాత్రలు ఎప్పుడు ఆపారు?" మా మామగారు పూలదండ వాసనతోనే నిలబడి, "ఏ మాత్రలు సార్?" అన్నారు. వెనక సంఘంవాళ్ళు ఎళనీరు బోండాలు పట్టుకుని ఉన్నారు మరి. నేను డాక్టరుని గది బయటికి లాక్కుపోయి మొత్తం చెప్పాను. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టారు. కానీ కాలిపోయిన ఇంటికి తాళం వేస్తే ఏం లాభం? లివర్ పని మానేసిందనీ, ఒంట్లో విషం తలకెక్కుతుందనీ, ఒకసారి తెలివిగా ఉంటాడు, ఒకసారి మత్తులోకి పోతాడనీ డాక్టరు చెప్పాడు. చెబుతూ నావైపు చూడలేకపోయాడు.

చూడటానికి జనం వస్తూనే ఉన్నారు. అధ్యక్షుడి కొడుకు కదా. ఒక మధ్యాహ్నం ఆవులప్ప, పాపక్క, ఇంకా ఎందరో మంచం చుట్టూ ఉండగా అశోక్ కళ్ళు తెరిచాడు. నేను తడిగుడ్డతో పెదాలు తుడుస్తున్నాను. మా అత్త కాళ్ళ దగ్గర కూర్చుని అతని పాదాలు రెండు చేతుల్లో పట్టుకుని ఉంది. అతని చూపు చాలా రోజుల తర్వాత నిలకడగా ఉంది. ఒక్కొక్కరినీ పోల్చుకుంటూ చూశాడు.

"ఆవులప్పన్నా, కూర్చో. దూరమెందుకు? నాకుండేది నాటు కామెర్లు కాదు, ఇంగ్లీషు కామెర్లు ఒకటే కాదు. నాకుండేది ఎయిడ్స్. దానికి మందుండాది. గౌర్మెంటోళ్ళు ఊరికే ఇస్తారు. మింగుతా ఉన్నంతకాలం బాగానే ఉన్న్యా." కొంచెం ఊపిరి తీసుకున్నాడు. "మా నాయనకుండే జబ్బుకే మందు లేదు."

పుట్టి బుద్ధెరిగి అతను తండ్రి ఎదుట అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి. మామగారు నవ్వారు.

"జ్వరం తలకెక్కింది వీనికి. పలవరిస్తా ఉండాడు."

అందరి ఊపిరీ ఒక్కసారి కిందికి దిగింది. అవునవునని తలలాడించారు. "పాపం, ఏందేందో మాట్లాడుతా ఉండాడు" అని పాపక్క కళ్ళొత్తుకుంది. నేను నోరు తెరిచేలోగా నర్సు వచ్చి మూక ఎక్కువైందని అందరినీ బయటికి తోసేసింది. అశోక్ నా చెయ్యి పట్టుకుని, "నేను బాగానే మాట్లాడితిని కదా?" అన్నాడు. బాగా మాట్లాడావన్నాను. ఆ రాత్రి మత్తులోకి పోయినవాడు మరి లేవలేదు.

వైకుంఠ సమారాధన రోజు మళ్ళీ ఇల్లు నిండింది. హాల్లో చాపలు, వంటింట్లో వడలు. పెద్దమనుషుల మధ్య మామగారు తెల్లబట్టలతో కూర్చున్నారు. నేను గోడవారగా ఉన్నాను. కొత్తగా వచ్చినవాళ్ళలో ఎవరో నెమ్మదిగా అడిగారు, "లివరు పోయిందంట కదన్నా. తాగుతా ఉండెనా?"

అశోక్ జన్మలో ఒక చుక్క ముట్టినవాడు కాదు. పెళ్ళిళ్ళలో గోలీసోడా తాగినా ఇంటికొచ్చి నాకు చెప్పేవాడు. మామగారికది తెలుసు. ఆయన పైపంచతో మొహం తుడుచుకున్నారు, అటూ ఇటూ చూశారు, గొంతు తగ్గించారు.

"వయసులో ఉండే పిల్లోడు. స్నేహితులు. ఏదో అప్పుడప్పుడు."

"ఔనప్పా, ఈ కాలంలో ఎవురు తాగరు" అని అవతలివాడు ఓదార్చాడు.

నాకు కళ్ళు కనిపించలేదు. కొడుకు పోయాడు, ప్రాణం పోయింది, ఇక పోవడానికి ఏముంది? అయినా ఆ శవానికి ఒక తాగుడు కూడా అంటగట్టి పంపుతున్నాడు ఈ పెద్దమనిషి. వంటింట్లోకి పోయాను. పోపులడబ్బా వెనకనుంచి నా మాత్రల డబ్బా తీసుకున్నాను. నేరుగా హాలు మధ్యలోకి వచ్చి నిలబడ్డాను.

"మామా, నీళ్ళివ్వండి."

ఆయన నా చేతిలో డబ్బా చూశారు. చుట్టూ జనాన్ని చూశారు. పక్కనున్న చెంబులోంచి లోటాలోకి నీళ్ళు వంచి ఇస్తూ, అందరికీ వినబడేలా, "బలానికి మాత్రలు. నీరసంగా ఉండాది పాపం" అన్నారు.

"కాదు" అన్నాను. "ఎయిడ్స్‌కి. నాకుండాది. మీ కొడుకుకీ ఉండె. ఆయన మింగుతా ఉండిందీ ఇవే, మీరు బీరువాలో పెట్టి తాళం వేసిందీ ఇవే. నా మొగుడు తాగి పోలేదు." మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగాను.

మామగారు నవ్వబోయారు. ఈసారి పాపక్క ఆయనకి ఆ శ్రమ ఇవ్వలేదు. "అయ్యో, పిల్లకి దుఃఖంతో జ్వరం తలకెక్కినట్టుండాది. ఎవురైనా పట్టి చూడండి!" అంది. చెప్పిందే గానీ ఒక అడుగు వెనక్కి వేసింది. పట్టి చూడటానికి ఒక్కరూ లేవలేదు.

వంటింటి గడప దాటుకుని మా అత్త వచ్చింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. అంతమంది మగవాళ్ళ మధ్యనుంచి నడిచి వచ్చి, నా నుదుటి మీద అరచెయ్యి పెట్టి, చాలాసేపు అలాగే ఉంచింది. తర్వాత మొగుడివైపు తిరిగింది.

"జ్వరం లేదు" అంది. "ఆ పొద్దు వానికీ లేదు."